అడవిలో అడుగుపెట్టని అధ్యక్షులవారు

మా అధ్యక్షులవారు పోయారన్న కబురు నాకు బోధన్ బస్టాండులో తెలిసింది. బాన్సువాడ బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకప్పుడు మా ఆఫీసు జీపు నడిపిన ఖాజా ఎదురుపడ్డాడు. సలాం చేసి, ముఖం దించుకుని, "సార్ గుజర్ గయే మేడం. పొద్దుగాల వాకిట్ల చెట్టు కింద కూసొని పేపర్ సదువుతుంటెనే పానం పోయింది" అన్నాడు.

అయ్యో అనాల్సిన చోట నా నోటికి వేరే మాట వచ్చింది. "ఏం చెట్టు?"

"టేకు కాదు" అన్నాడు ఖాజా.

ఇద్దరం నవ్వేశాం. చావు కబురు మధ్య అలా నవ్వడం తప్పే. కానీ ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇంకేం చేస్తారు? ఆయనకు తెలిసిన చెట్లు రెండే రకాలు. ఒకటి టేకు, రెండోది టేకు కానిది. వేపనూ మోదుగనూ మద్దినీ తునికినీ ఒకే గాటన కట్టి, వచ్చిన అతిథులకు "ఇవి టేకు కానివండీ" అని చూపించేవారు. ఆ మనిషే బాన్సువాడ చుట్టుపక్కల అడవి సంఘాలన్నిటినీ కలిపిన సమాఖ్యకు అధ్యక్షుడు. నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. ఎరువుల దుకాణం మీద మేడగది మా ఆఫీసు, యూరియా వాసన మధ్య కూర్చుని అడవిని కాపాడేవాళ్ళం.

అవి తొంభైల చివరి రోజులు. అడవి అంచున ఉన్న ప్రతి ఊళ్ళోనూ జనమే ఒక సంఘం కట్టి తమ అడవిని తామే చూసుకోవాలి, ఆ సంఘాలన్నీ చేతులు కలిపితే ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి నిధులిస్తారు అన్నది అప్పటి గాలి. సంఘాలవాళ్ళకు ఆఫీసర్లతో మాట్లాడే మనిషి కావాలి. మా అధ్యక్షులవారికి మాట్లాడటానికి మనుషులు కావాలి. జోడీ కుదిరింది. ఆయన కోటగిరి వైపు కాలువ కింద వరి పండించే ఆసామి. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్నాడు. ఆ పొలాల్లో కాకి వాలడానికి కూడా కొమ్మ ఉండేది కాదు. అయినా అడవి మీద ఆయన ప్రసంగం మొదలుపెడితే వింటున్నవాళ్ళకు దాహం వేసేది, ఆయనకు వేసేది కాదు.

అతిథుల కోసం దాచుకున్న ఇంగ్లీషు పక్కన పెడితే, ఆయన నోట్లో మూడు భాషలుండేవి. కలెక్టరాఫీసు నుంచి ఎవరైనా వస్తే నాలుక గోదావరి ఒడ్డుకు పోయేది. "తమరు రావడం మా అదృష్టమండీ, కాస్త మజ్జిగ పుచ్చుకోండి." ఊళ్ళోవాళ్ళు వస్తే క్షణంలో తిరిగి వచ్చేది. "ఏందే, మంచిగున్నరా? వానలు వడ్డయా?" ఇక మాట ఇవ్వాల్సివస్తే మాత్రం ఎవరితోనైనా ఉర్దూయే. "ఫికర్ మత్ కరో, మై హూఁ నా." దిగులు పడకు, నేనున్నానుగా అని. కొన్నాళ్ళకు నాకొక సూత్రం అర్థమైంది. ఆయన గోదావరిలో ఉంటే పని అడుగుతున్నట్టు, తెలంగాణలో ఉంటే పని చెబుతున్నట్టు, ఉర్దూలోకి దిగితే ఆ పని కానట్టు.

ఊరూరా తిరిగి సమాఖ్య అంటే ఏమిటో చెప్పేవారు. "ఇది వల. నిజాంసాగర్ల చేపలు పట్టే వల చూసిన్రు గదా? ఒక్కొక్క ఊరు ఒక్కొక్క ముడి. ఒక ముడి ఊడితె చేప పోతది." ఒక ఊళ్ళో ఈ మాట కాగానే వెనక వరుసలో కూర్చున్న సాయవ్వ లేచింది. నలభై దాటిన మనిషి, బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు నల్లబడ్డాయి. "మేం ముడులమైతిమి సరే సారూ. చేప ఎవలు? పట్టెటోడు ఎవడు?" అంది. సభంతా గొల్లుమంది. అధ్యక్షులవారు కూడా నవ్వి, "ఫికర్ మత్ కరో" అన్నారు.

నిధులిచ్చేవాళ్ళు ఏటా చూడటానికి వచ్చేవారు. ఢిల్లీవాళ్ళు కొందరు, తెల్లవాళ్ళు కొందరు. అసలైన అడవి దాకా పోవాలంటే పరికి కంపల్లో నడవాలి. ఆయన లాల్చీ గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి లాల్చీ. పరికి కంపకు లాల్చీ మీద ప్రేమ ఎక్కువ, ఒకసారి పట్టుకుంటే వదలదు. అందుకని అందరికీ రోడ్డు పక్కన ఉన్న ఒకే తోపును చూపించేవారు. చిక్కగా, చల్లగా ఉండే చోటు. సమాఖ్య సాధించిన విజయం అని అక్కడ బోర్డు కూడా పెట్టించారు. నిజానికి అది ఊరి వల్లకాడు. దయ్యాల భయంతో తాతల కాలం నుంచి ఎవరూ అక్కడ పుల్ల విరవలేదు. చచ్చినవాళ్ళు కాపాడిన చెట్లను బతికున్నవాళ్ళ ఖాతాలో వేసుకోవడం ఆయనకే చెల్లింది. ఒక తెల్లదొరసాని సమాధుల మీది మట్టిదిబ్బలు చూసి ఇవేమిటని అడిగింది. "తేమ కాపాడటానికి మా సంఘాలు వేసుకున్న కట్టలండీ" అన్నారు తడుముకోకుండా. ఆమె ముచ్చటపడి దిబ్బల మధ్య నిలబడి ఫొటో దిగింది. నేను పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఖాజా జీపు బాగు చేస్తున్నట్టు బానెట్ కింద తల దూర్చాడు.

అతిథులున్నంతసేపు కుర్చీలు మాయమయ్యేవి. అందరూ నేలమీద గుండ్రంగా కూర్చోవాలి, అధ్యక్షుడైనా సరే. ఆయనకు మోకాళ్ళ నొప్పి. కూర్చోబెట్టడానికి ఒకరు, లేపడానికి ఇద్దరు కావాలి. ఆ బాధ ముఖంలో కనబడితే అడవి మీద బాధ అనుకునేవారు వచ్చినవాళ్ళు. భోజనం మోదుగాకు విస్తళ్ళలో జొన్నరొట్టె, నాటుకోడి కూర. ఊరి ఆడవాళ్ళు వండారని చెప్పేవారు. అది బాన్సువాడ బస్టాండు ఎదురుగా ఉన్న హోటలు నుంచి క్యారియర్లలో వచ్చేది. విస్తళ్ళు మాత్రం ఊరివే. వండని ఆడవాళ్ళు దూరంగా కూర్చుని, తాము ఏం వండామో చూసేవాళ్ళు.

ఇన్ని చెప్పి అసలు సంగతి చెప్పకపోతే ఆయన ఉత్త జోకరుగా మిగిలిపోతాడు. అంత చిన్నమనిషి కాదాయన.

ఆ రోజుల్లో అతిథుల ముందు ఊరి పటం నేలమీద గీయించడం రివాజు. కాగితం, పెన్సిలు పనికిరావు, జనమే తమ చేత్తో ముగ్గుపిండితో వేయాలి. తెల్లపిండితో ఇళ్ళు, ఇటుకపొడితో బాటలు, నీలంతో చెరువు, ఆకుపచ్చ రంగుతో అడవి, పసుపుతో చేలు. ఈ పనిలో సాయవ్వను మించినవాళ్ళు లేరు. పిడికిట్లోంచి పిండి వదిలితే గీత దారం పోసినట్టు పడేది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా పటం వేయాలంటే ఆమెనే పిలుచుకుపోయేవారు.

సాయవ్వకు అడవి అంచున ఒక చెలక ఉంది. పట్టా లేదు. ఆమె అత్త, అత్తకు అత్త రాళ్ళు ఏరి చేసుకున్న నేల. జొన్నలూ పెసర్లూ పండేవి. ఆ నేల తప్ప ఆమెకు ఇంకేం లేదు, బీడీలతో ఉప్పూ చింతపండూ వస్తాయి గానీ కడుపు నిండదు. ఆ రోజు పటంలో అడవి వేస్తూ చెలక ఉన్న చోటు ఖాళీ వదిలింది. పసుపు అయిపోయింది, ఇంట్లోంచి తెప్పిద్దామనుకుంది. అంతలో అతిథుల జీపు మలుపు తిరిగింది.

అధ్యక్షులవారు కంగారుగా వంగి చూశారు. "నడిమిట్ల ఆ బొక్క ఏంది? గజ్జి లేచినట్టు కనవడుతాంది. పచ్చ చల్లు, పచ్చ చల్లు."

"అది నా చేను సారూ."

"చేను యాడికి పోతది? ముగ్గే గదా."

"సార్, నిజంగానే అది ఆమె చేను" అన్నాను నేను.

"అమ్మాయ్, నువ్వు కాస్త ఆగు" అన్నారు గోదావరిలో.

సాయవ్వ ఒక్క క్షణం చూసింది. ఆయన మాట కంటే ఆమెను ముగ్గే ఎక్కువ తొందరపెట్టింది. మధ్యలో సందు ఉన్న ముగ్గును వాకిట్లో వదిలేసి ఏ ఆడమనిషి లేస్తుంది? ఇంటికి అరిష్టం. ఆకుపచ్చ రంగు తీసి తన చేను మీద తనే చల్లుకుంది. అంచులు కలిపి, వేలితో సరిచేసి, వెనక్కి జరిగి చూసుకుని తృప్తిపడింది. నిజం చెప్పాలంటే పటం చాలా అందంగా వచ్చింది.

అతిథుల్లో ఒకతను జీపు మీదికెక్కి ఫొటో తీశాడు, ఇంకొకతను కాగితం మీదికి ఎక్కించుకున్నాడు. ప్రజలు తమ చేత్తో గీసుకున్న హద్దు ఇదేనన్నారు. వానాకాలం రాగానే ఆ హద్దు ప్రకారం మొక్కలు నాటడానికి గుంతలు తీశారు. సాయవ్వ చెలకలో, మొలకెత్తిన జొన్నల మధ్య, వరసగా గుంతలు. పనికొచ్చినవాళ్ళను ఆమె తిట్టని తిట్టు లేదు. వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? "నువ్వే గీసినవంట గదా అక్కా" అన్నారు.

సాయవ్వ నేరుగా అధ్యక్షులవారి ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఏదో సంతకం కోసం. ఆయన భోజనానికి కూర్చున్నారు. ఆమె గడప దాటకుండా, కంచానికి ఎదురుగా కూలబడింది.

"నువ్వే జెప్తివి పచ్చ చల్లుమని. ముగ్గే గదా అంటివి. ఇప్పుడు నా చేన్ల గుంతలు తీసిన్రు. నేనేం తినాలె సారూ? ఆకులు తిననా?"

"అట్లెట్ల తీసిన్రు? నేను మాట్లాడుత" అన్నారు.

"ఎవల్తోని మాట్లాడుతవ్? అందరికీ నువ్వే జెప్పేటోనివి."

"పైవాళ్ళున్నారమ్మా, వాళ్ళ పద్ధతులు వేరేగా ఉంటాయి" అని గోదావరిలో ఈదబోయారు. ఆమె చూపు కంచం మీదే ఉంది. ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. చివరికి, "ఫికర్ మత్ కర్" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె చేను పోయిందని అప్పుడే అర్థమైంది.

మొక్కలు రాకముందే అతిథులు ఇంకో విడత వచ్చారు. సమాఖ్యకు నిధులు పొడిగించాలా వద్దా తేల్చుకోవడానికి. మళ్ళీ ముగ్గు, మళ్ళీ సాయవ్వ. ఈసారి ఆమె పటమంతా వేసి, పచ్చరంగు చల్లడం అయ్యాక, లేచి వెళ్ళి తన చెలక ఉండే చోట, ఆ పచ్చ మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇది నా చేను. నేను లేవ" అంది.

ఏమంటున్నదని అడిగింది ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమ్మ. దుబాసీ పని అధ్యక్షులవారిదే, ఆ అధికారం ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు. "ఇది మా అడవి, ప్రాణం పోయినా వదలం అంటోందండీ" అన్నారు ఇంగ్లీషులో. చప్పట్లు మోగాయి. నాకిక ఆగలేదు. ఉద్యోగం పోతే పోయింది అనుకుని, ఆవిడ ముందుకు వెళ్ళి ఇంగ్లీషులోనే చెప్పాను. "కాదండీ. ఇది తన సొంత చేను అంటోంది. మీ మొక్కల గుంతలు ఆమె జొన్న చేలో తీశారు."

ఆవిడ నా మాట శ్రద్ధగా విన్నది. సాయవ్వ వైపు చాలాసేపు చూసింది. కళ్ళు చెమర్చాయి కూడా. "అడవిని తన సొంత చేను అనుకుంటోంది! మేము ఇన్ని దేశాలు తిరిగి వెతికేది ఈ భావన కోసమే" అంది. మిగతావాళ్ళు తలలూపారు. నిధులు పొడిగించారు.

అబద్ధం చెబితే నమ్ముతారని తెలుసు, నిజం చెప్పినా అలాగే నమ్ముతారని ఆ రోజు తెలిసింది. తిరిగి వస్తుంటే అధ్యక్షులవారు నన్ను ఒక్క మాట అనలేదు. తన తర్జుమా కంటే నాదే బాగా పనిచేసిందని తర్వాత ఖాజాతో అన్నారట.

మొక్కలు నాటారు. కొద్దివారాలకే సాయవ్వ చెలకలో మొక్కలన్నీ మాడిపోయాయని కబురొచ్చింది. చుట్టూ అడవి నేలలో నాటినవి పచ్చగా ఉన్నాయి, ఈమెవి మాత్రం కాల్చినట్టు ఉన్నాయి. విచారించడానికి స్వయంగా అధ్యక్షులవారు బయలుదేరారు. అడవి వైపు అంత దూరం ఆయన నడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. లాల్చీని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, పరికి కంపలను బతిమాలుకుంటున్నట్టు పక్కకు పక్కకు అడుగులేస్తూ వచ్చారు.

చెలక గట్టున మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద గుండిగ ఉంది. నీళ్ళు సలసలా కాగుతున్నాయి. సాయవ్వ దాచాలని కూడా చూడలేదు. చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడింది. కేసు పెడితే చేనుతో పాటు మనిషీ పోతుంది, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అధ్యక్షులవారు గుండిగ వైపు చూశారు, చెంబు వైపు చూశారు, మాడిన మొక్కల వరసలు చూశారు.

"ఎన్ని ఎండినయి?"

"అన్నీ."

"అన్నీనా?" ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే మళ్ళ పెట్టియ్యాలె. ఎండినకాడ మళ్ళ పెట్టుటానికి వేరే నిధి ఉంటది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "నీళ్ళు జెర మంచిగ మసలనియ్యి. సగం సగం ఎండితె ఎటూ గాదు" అన్నారు.

సాయవ్వ చెంబు కింద పెట్టింది. నాకు అరవాలో నవ్వాలో తెలియలేదు. తిరిగి వస్తూ జీపు దగ్గర నిలదీశాను. అడవి సంఘాల అధ్యక్షుడు మొక్కలకు వేన్నీళ్ళు పోయమని చెప్పవచ్చా అన్నాను.

"మొక్క బతికితే మనకింక పనేముంది అమ్మాయ్?" అన్నారు ముందు. నేను ముఖం తిప్పుకోగానే లాల్చీకి గుచ్చుకున్న ముల్లు తీసుకుంటూ, మూడు భాషల్లో దేనికీ చెందని గొంతుతో ఇంకో మాట అన్నారు. "మా నాన్న వచ్చినప్పుడు మా పొలమంతా తుమ్మ అడివి. కొట్టి చేసుకున్నాం. ఆ రోజు ఎవరన్నా వచ్చి ముగ్గేయించి ఉంటే, నేనూ ఇవాళ గుండిగ పెట్టుకునేవాణ్ణి." అని జీపెక్కి కూర్చున్నారు. ఆయన మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయిందని చెప్పను. కానీ అంతకుముందు ఉన్నంత సుఖంగా మాత్రం ఉండలేదు ఆ కోపం.

అక్కడి నుంచి అదొక వ్రతమైంది. వానలు పడగానే సమాఖ్య మొక్కలు నాటించేది, సాయవ్వ పొయ్యి రాజేసేది. గుంతల మధ్య జొన్నలు పండించుకునేది. చెలకలో మొక్కలు బతకడం లేదు, నేలలో ఏదో లోపముందని అధ్యక్షులవారు దిగులు ముఖంతో అతిథులకు చెప్పేవారు. వాళ్ళు ఇంకా మంచి రకాలు పంపేవారు. ఒకసారైతే నేల పరీక్ష చేయడానికి ఎవరో మట్టి డబ్బాలో పోసుకుపోయారు. జొన్నలకు అంత మంచిదైన నేల మొక్కలకు ఎందుకు పనికిరాదో వాళ్ళకు ఎప్పటికీ అంతుచిక్కలేదు. మరొకరైతే ఆ చేను ఎవరిదో, ఎందుకు మాడుతోందో ఒక్క మాటతో చెప్పి చేతులు దులుపుకునేవారు. ఆయన చెప్పలేదు. తన లాభం కోసమే చెప్పలేదని నాకు తెలుసు. సాయవ్వకు దానితో పనిలేదు.

రెండువేలు దాటిన కొన్నేళ్ళకు గాలి మారింది. నిధులిచ్చేవాళ్ళకు అడవుల మీద మోజు తీరి, ఇంకేవో ఊళ్ళకు, ఇంకేవో పనులకు వెళ్ళిపోయారు. ముగ్గులు ఆగిపోయాయి. సంఘాలు ఎవరి దారిన అవి పోయాయి. నేను బడిపంతులు ఉద్యోగం తెచ్చుకుని బోధన్ చేరాను. గుంతలు మెల్లగా పూడుకుపోయి చెలక మళ్ళీ చెలకైంది. అధ్యక్షులవారు మాత్రం విజిటింగు కార్డు మార్చలేదు. పెళ్ళిళ్ళలో కనబడితే "మన అడవి ఎలా ఉందమ్మాయ్?" అని అడిగేవారు, నేనేదో అక్కడే కాపురం ఉన్నట్టు.

సంతాపసభ బాన్సువాడలో, మార్కెట్ దగ్గరి ఫంక్షన్ హాల్లో పెట్టారు. నేనూ ఖాజా వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాం. ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి ఆయనను ఆకాశానికెత్తారు. వనప్రేమికుడన్నారు, వృక్షపుత్రుడన్నారు. ఆయన నాటిన మొక్కలన్నీ ఒకచోట చేరిస్తే నిజాంసాగర్ పట్టదన్నాడు ఒకాయన. నాటిన మాట నిజమే కాబట్టి నేనేమీ అనలేదు.

చివర్లో, లబ్ధిదారుల తరఫున ఎవరైనా మాట్లాడాలని వేదిక మీదినుంచి పిలిచారు. ముందు వరుసలో నేలమీద కూర్చున్న ఒక ముసలామె లేచింది. సాయవ్వ. జుట్టు నెరిసిపోయింది, నడుము కొంచెం వంగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మైకును రెండు చేతులా పట్టుకుంది.

"సారు మంచోడు" అంది. "అందరు చెట్లు పెట్టిండు, చెట్లు పెట్టిండు అంటున్నరు. నా చేన్ల గూడ పెట్టిండు. యాడాది యాడాది పెట్టిండు. ఆయన పెట్టిన చెట్టు ఒక్కటంటె ఒక్కటి బతుకలే. అవి బతికుంటె నేను బతుకకపోదును. నా పిల్లలు గా జొన్నలు తినే పెద్దగైన్రు. దేవుడు సారును సల్లగ సూడాలె."

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం వేదిక వైపు చూశారు, వేదిక మీదివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వెనక వరుసలోంచి నేను కొట్టాను.